కెగ్ ట్యాప్ తిప్పితే గ్లాసంతా నురగే వస్తోందా? ఎక్కడ వెతకాలి, ఏం మార్చాలి

కెగ్ అంటే గ్యాసు పట్టించిన పానీయం నిలవుంచే స్టీలు పీపా. దాని ట్యాప్ తిప్పగానే గ్లాసులో ముప్పాతిక వంతు నురగే నిండితే, చెయ్యి ముందుగా రెగ్యులేటర్ (సిలిండర్ నుంచి వచ్చే గ్యాసు ప్రెషర్ అదుపు చేసే సాధనం) మీదకే పోతుంది. ప్రెషర్ ఎక్కువైందనుకుని 12 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు, ప్రెషర్ కొలత) నుంచి 5కి దించేస్తాం. ఆ పూటకి ధార నెమ్మదించి, బాగుపడినట్టే కనిపిస్తుంది. మర్నాడు చూస్తే లైనులో, అంటే కెగ్ నుంచి ట్యాప్‌కి పోయే గొట్టంలో, పొడుగాటి గ్యాసు ముక్కలు నిలబడి ఉంటాయి. ట్యాప్ తిప్పితే తుపుక్కుమని ఉమ్మినట్టు వస్తుంది. వారం తిరిగేసరికి పానీయం చప్పబడిపోతుంది, నురగ మాత్రం ఎక్కడికీ పోదు. అందుకని కారణం తేలేదాకా రెగ్యులేటర్ మర ముట్టుకోవద్దు.

కెగ్‌లో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ గ్లాసులో పడ్డాకే విడుదల కావాలి. దారిలోనే విడుదలైతే చేతికి వచ్చేది నురగే. దారిలో దాన్ని విడగొట్టేవి మూడు: వెచ్చదనం, ఉన్నట్టుండి ప్రెషర్ పడిపోవడం, గరుకు. గరుకంటే నలక, పాచి, గీత, అరిగిన రింగు, ఏదైనా కావచ్చు. కింద చెప్పేదంతా ఈ మూడింటి వేటే.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా బీరు తయారు చేయడాన్ని 1968 నాటి ఎక్సైజు చట్టం ఒప్పుకోదు, ఇంటికోసం అన్నా సరే. కాబట్టి విశాఖలో ఇంటి కెగ్‌లో ఉండాల్సింది అల్లం సోడా, నిమ్మ సోడా, కొంబుచా (పులియబెట్టిన తీపి టీ) లాంటివే. ఇంటి బీరుకు అనుమతి ఉన్న దేశాల్లో ఉంటున్న మనవాళ్ల కోసం బీరు లెక్కలు కూడా పక్కనే ఇస్తున్నాం. కెగ్, లైను, ట్యాప్ అన్నిటికీ ఒకటే. మారేది గ్యాసు మోతాదు, దాన్నిబట్టి లైను పొడవు.

ఇక్కడి లెక్కలన్నీ 19 లీటర్ల బాల్‌లాక్ (గొట్టాల కనెక్టర్లు నొక్కితే బిగిసే రకం) స్టీలు కెగ్, బయట థర్మోస్టాట్ తగిలించిన డీప్ ఫ్రీజర్, మామూలు ట్యాప్ ఉన్న ఏర్పాటుకి.

ముందు మూడు గ్లాసులు పట్టి చూడండి

ఫ్రీజర్ మూత తెరిచి, సెల్‌ఫోను టార్చి లైను మీద పడేలా పెట్టండి. మధ్యలో ఆగకుండా మూడు గ్లాసులు, ఒక్కోటి 250 మిల్లీలీటర్లు పట్టండి. ఒకరు పడుతుంటే ఇంకొకరు లైనునే చూస్తూ ఉంటే మరీ మంచిది. పోసిన తర్వాత గ్లాసును చూస్తే తెలిసేది తక్కువ, పోసేటప్పుడు లైనును చూస్తే తెలిసేది ఎక్కువ.

మొదటి గ్లాసు నురగై, రెండు, మూడు బాగా వస్తే ట్యాపో, లైనో వెచ్చగా ఉంది. మూడూ ఒకేలా నురగ వచ్చి, లైనులో మాత్రం ఒక్క బుడగా లేకుండా ధార జోరుగా కొడుతుంటే లైను పొట్టిది, లేదా లావుది, లేదా గ్యాసు మోతాదు మించింది. కెగ్ మూతి దగ్గర్నుంచే పూసల దండలా చిన్న బుడగలు ఆగకుండా వస్తుంటే, అడుగు నుంచి పానీయాన్ని పైకి తెచ్చే లోపలి గొట్టం రింగు పోయింది, లేకపోతే ఆ గొట్టంలో ఏదో అడ్డుపడింది. ట్యాప్ కట్టి ఉన్నప్పుడే లైను మీది వంపులో గ్యాసు పోగవుతుంటే కెగ్‌లో కరిగిన గ్యాసుకి తగ్గ ప్రెషర్ పెట్టలేదు, లేదా లైను కెగ్ కన్నా వెచ్చగా ఉంది. ట్యాప్ దాకా తేటగా వచ్చి, ట్యాప్ మూతిలోనే తెల్లబడితే తప్పు ట్యాప్‌దే.

పది నిమిషాల ఈ పరీక్ష చేయకుండా సామాన్లు కొనడం దండగ. కొత్త రెగ్యులేటర్, కొత్త ట్యాప్ తెచ్చి బిగించాక కూడా నురగ తగ్గలేదంటే, చాలాసార్లు తప్పు రూపాయి ఖరీదు చేయని రింగులోనో, చల్లబడని రెండడుగుల లైనులోనో ఉంటుంది.

వెచ్చదనం

లోపలి వ్యాసం 4.8 మిల్లీమీటర్లున్న లైను మీటరుకు సుమారు 18 మిల్లీలీటర్లు పడుతుంది. 3 మీటర్ల లైనులో 54 మిల్లీలీటర్లు నిలిచి ఉంటాయి. 250 గ్లాసులో అది అయిదో వంతు. ఆ కాస్తా వెచ్చబడితే మొదటి గ్లాసు పాడవడానికి అది చాలు.

ఎందుకో అంకెల్లో చూడండి. లీటరు పానీయంలో రెండున్నర లీటర్ల గ్యాసు కరిగి ఉందనుకోండి. దీన్ని 2.5 వాల్యూములు అంటారు, బీరుకి ఇది మామూలు మోతాదు, బరువులో లీటరుకు దాదాపు 5 గ్రాములు. 4 డిగ్రీల దగ్గర ఆ గ్యాసును కరిగించి ఉంచడానికి 12 పీఎస్ఐ చాలు. అదే పానీయం 30 డిగ్రీలకు చేరితే 38 పీఎస్ఐ దాకా కావాలి. మన ఉక్కపోతలో గదిలో ఉన్న ట్యాప్ ఎలాగూ 30 దాటే ఉంటుంది. రెగ్యులేటర్ ఇచ్చేదేమో 12. ఆ చల్లటి పానీయం కాలుతున్న లోహానికి తగిలిన చోట గ్యాసు లోపల ఉండలేదు, పాలు పొంగినట్టు పొంగుతుంది.

డీప్ ఫ్రీజర్లో చల్లగాలి అడుగున పడి ఉంటుంది. అడుగున 2 డిగ్రీలున్నప్పుడు మూత కింద 8, 9 ఉండటం మామూలే. లైను చుట్టను కెగ్‌ల నెత్తిన పెడతాం కాబట్టి వెచ్చని చోటే దానికి దక్కుతుంది. చుట్టను ఫ్రీజర్ లోపల కంప్రెసర్ మీదుగా ఉండే దిమ్మ మీదకు దించండి. దాంతో పాటు ఒక 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను అడుగున పెట్టి గాలి పైకి కొట్టేలా తిప్పండి. పాత వైఫై రౌటర్ అడాప్టరుతో అది తిరుగుతుంది, అడాప్టరు మీద 12 వోల్టులని ఉందో లేదో మాత్రం చూసుకోండి. పైనా కిందా తేడా ఒకటి రెండు డిగ్రీలకు వస్తుంది. ఫ్రీజర్ మీద ట్యాప్ బిగించిన నిలువు టవర్ ఉన్నవాళ్లు ఆ ఫ్యాను గాలినే అంగుళం గొట్టంతో టవర్ లోపల ట్యాప్ వెనక దాకా పంపాలి. మొదటి గ్లాసు నురగకి దీన్ని మించిన మందు లేదు.

థర్మోస్టాట్ తీగను గాలిలో వేలాడదీయకండి. మూత తీసినప్పుడల్లా గాలి వెచ్చబడి కంప్రెసర్ మొదలవుతుంది, కెగ్ అడుగు గడ్డకట్టే దాకా పోతుంది. తీగ కొసను కెగ్ పక్కన, సగం ఎత్తుకు దిగువన టేపుతో అంటించి, పైన అరచేతంత థర్మాకోల్ ముక్క కప్పండి. 3 డిగ్రీలకు పెట్టి, 1 డిగ్రీ తేడా ఇవ్వండి. తెర మీద కనిపించే అంకెను కూడా నమ్మవద్దు. రెండో గ్లాసు పట్టి, అందులో వంటింటి డిజిటల్ థర్మామీటర్ ముంచితే వచ్చేదే అసలు లెక్క. గది వేడిమీద ఉన్న 19 లీటర్ల కెగ్ నడిబొడ్డు దాకా చల్లబడటానికి ఒక పూర్తి రోజు పడుతుంది. ఉదయం పెట్టి సాయంత్రం చుట్టాలకు పోస్తామంటే నురగే పోస్తారు.

సముద్రపు ఊరు కాబట్టి ఇంకో బాధ ఉంది. మూత తీసిన ప్రతిసారీ తేమ గాలి లోపలికి దిగి, గోడల మీద నీరై, అడుగున మడుగు కడుతుంది. బీరువాల్లో పెట్టే క్యాల్షియం క్లోరైడ్ డబ్బాలు రెండు మూల పెట్టి, నిండినప్పుడల్లా మార్చండి. ఫ్రీజర్ బయట లైను ఉంటే ఏసీ రాగి గొట్టానికి తొడిగే నల్ల ఫోమ్ తొడుగు వేయండి, ఏసీ సామాను అమ్మే ఏ కొట్టులోనైనా దొరుకుతుంది. కొసలు టేపుతో మూయకపోతే లోపలికి తేమ దూరి తొడుగే నీళ్లోడుతుంది.

గ్యాసు ఎంత ఉందో కొలవడం

ఊహించకండి, కొలవచ్చు. బాల్‌లాక్ గ్యాసు కనెక్టరుకి చిన్న ప్రెషర్ గేజి బిగించిన ముక్క ఒకటి ఉంచుకోండి. కెగ్‌కి గ్యాసు లైను తీసేసి, ఈ గేజి తగిలించి, కెగ్‌ను మెల్లగా ఊపండి. ముల్లు కదిలి కదిలి ఒకచోట ఆగుతుంది. ఆగిన అంకె, పానీయం చలి, ఈ రెండూ తెలిస్తే కరిగిన గ్యాసు తెలిసినట్టే.

2.5 వాల్యూములకు: 2 డిగ్రీల దగ్గర 10 పీఎస్ఐ, 4 దగ్గర 12, 8 దగ్గర పదిహేనున్నర, 12 దగ్గర పందొమ్మిదిన్నర.

4 డిగ్రీల దగ్గరే ఉంచి చూస్తే: 3 వాల్యూములకు 17 పీఎస్ఐ, 3.5కి ఇరవై రెండున్నర.

విశాఖ సముద్ర మట్టానికి దగ్గర కాబట్టి ఈ అంకెలకు ఎత్తు సవరణ అక్కర్లేదు. బీరుకు 2.4 నుంచి 2.6, కొంబుచాకు 2.5 నుంచి 3, అల్లం సోడాకు 3 నుంచి 3.5 వాల్యూములు రుచిగా ఉంటాయి. గోలీసోడా ఘాటు కావాలంటే పై అంచుకు పోవాలి, కానీ ఆ ఘాటుకి తగ్గ లైను పొడవు కూడా పెట్టాలి.

మోతాదు మించడానికి మూల కారణం తొందర. 30 పీఎస్ఐ పెట్టి కెగ్‌ను ఒళ్లో వేసుకుని ఊపితే పది నిమిషాల్లో గ్యాసు ఎక్కుతుంది, ఎంత ఎక్కిందో మాత్రం చెప్పలేం. ఓపికుంటే పోసే ప్రెషర్‌లోనే కదపకుండా 10 నుంచి 14 రోజులు వదిలేయండి, ఎప్పటికీ మించదు. తొందరైతే బాగా చల్లబడ్డ కెగ్‌కి 30 పీఎస్ఐ ఒక రోజు మాత్రం ఇచ్చి, పైన గ్యాసు వదిలేసి, పోసే ప్రెషర్‌కి దించి ఇంకో రెండు రోజులు ఆగండి.

ఇప్పటికే మించిపోయిందంటే:

1. గ్యాసు లైను కెగ్ నుంచి తీసేయండి. రెగ్యులేటర్ దించి ఊరుకుంటే లాభం లేదు.
2. మూత మీద ఉన్న ప్రెషర్ వదిలే రింగు లాగి, పైనున్న గ్యాసంతా వదలండి. ద్రవం ఉబికి వస్తే వెంటనే ఆపి, నురగ దిగాక మళ్లీ వదలండి.
3. గంటకోసారి ఇలాగే చేయండి. రెండు వదలడాల మధ్య కెగ్‌ను కాస్త ఊపితే గ్యాసు త్వరగా పైకి వస్తుంది. ఊపిన వెంటనే మాత్రం రింగు లాగకండి, గది గోడలు కడుక్కోవాల్సి వస్తుంది.
4. ప్రతి నాలుగైదు సార్లకు గేజి తగిలించి చూడండి. కావలసిన అంకె రాగానే ఆపి, గ్యాసు లైను మళ్లీ కలపండి.

బాగా మించిన కెగ్‌కి రోజంతా పడుతుంది, దీనికి అడ్డదారి లేదు.

గేజి గురించి ఒక హెచ్చరిక. వెల్డింగ్ కొట్లలో దొరికే రెగ్యులేటర్ల గేజిలు చాలావరకు చదరపు సెంటీమీటరుకు కిలోల్లో, 0 నుంచి 10 దాకా ఉంటాయి. ఒక కిలో అంటే 14.2 పీఎస్ఐ. మనకు కావలసిన 12 పీఎస్ఐ ఆ గేజి మీద 0.84, అంటే మొదటి గీతల గుంపులోనే ఎక్కడో ఉంటుంది. రెండు గీతల మధ్య 3 పీఎస్ఐ తేడా ఉంటే 4 డిగ్రీల దగ్గర అది పావు వాల్యూముకు పైనే కిందా మీదా అవుతుంది. నిమిషానికి లీటర్లు చూపే వెల్డింగ్ రెగ్యులేటర్ అసలే పనికిరాదు, అది ప్రవాహాన్ని కొలుస్తుంది, ప్రెషర్‌ను నిలబెట్టదు. 0 నుంచి 2 కిలోలు, లేదా 0 నుంచి 30 పీఎస్ఐ గేజి ఉన్న రెగ్యులేటర్ కావాలి. అల్లం సోడా పోసేవాళ్లకి 60 దాకా ఉన్నా ఫరవాలేదు.

లైను పొడవు

12 పీఎస్ఐతో బయల్దేరిన పానీయం ట్యాప్ మూతి దగ్గరికి వచ్చేసరికి దాదాపు సున్నాకు రావాలి. కానీ మెల్లమెల్లగా రావాలి. ఆ పని చేసేది లైను గోడల రాపిడి. లైను పొట్టిగా ఉంటే 12 కాస్తా ట్యాప్‌లో ఒక్క అంగుళంలో దిగిపోతుంది. సీసా మూత ఠప్పున తీసినట్టే. మూడు గ్లాసుల్లోనూ నురగ, లైనులో మాత్రం తేట, ఈ లక్షణం దీనిదే.

ఎంత పొడవనేది లోపలి వ్యాసం మీద ఆధారపడుతుంది, అదీ మామూలుగా కాదు. వ్యాసం పావు వంతు పెరిగితే రాపిడి దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. 12 పీఎస్ఐకి 4.8 మిల్లీమీటర్ల లైను 3 నుంచి 3.5 మీటర్లు కావాలి. అదే 6 మిల్లీమీటర్లదైతే 9 మీటర్ల పైనే. ఆక్వేరియం కొట్లోనో, హార్డ్‌వేర్ కొట్లోనో చూపుకి ఒకేలా ఉందని లావు గొట్టం కొనేసి, దాన్ని రెండు మీటర్లకు కోస్తే ఎన్ని రింగులు మార్చినా నురగ తగ్గదు.

విశాఖలో సులువుగా దొరికేది ఆర్‌ఓ వాటర్ ఫిల్టర్ల తెల్ల గొట్టం, బయటి వ్యాసం పావు అంగుళం. లోపల సుమారు 4.3 మిల్లీమీటర్లు ఉంటుంది, తిండి పదార్థాలకు పనికొచ్చే ప్లాస్టిక్, ఈ ప్రెషర్లకు తట్టుకుంటుంది. 6.35 మిల్లీమీటర్ల పుష్‌ఫిట్ (గొట్టం తోస్తే పట్టేసే) కనెక్టర్లకు సరిగ్గా పడుతుంది. దీనికి 12 పీఎస్ఐ దగ్గర రెండు, రెండున్నర మీటర్లు చాలు. లోపలున్నది సరిగా కనిపించదు, అదొక్కటే దీని లోపం. వెతుకులాట కోసం కెగ్ వైపు ఒక జానెడు తేట గొట్టం కలుపుకోండి.

అల్లం సోడా 22 పీఎస్ఐ మీద ఉంటుంది కాబట్టి లెక్క దాదాపు రెట్టింపు: 4.8 లైనుకు 6 నుంచి 7 మీటర్లు, 4.3కి 4 మీటర్లు. సోడా వేసుకునేవాళ్లలో సగం మంది నురగ కష్టం ఇక్కడే ఉంది. బీరు కోసం రాసిన కొలతలు చూసి మూడు మీటర్లు పెడతారు.

ట్యాప్ కెగ్ కన్నా పైన ఉంటే మీటరు ఎత్తుకు 1.4 పీఎస్ఐ ఆ ఎత్తే తినేస్తుంది. 4.8 లైనులో అది 40 సెంటీమీటర్ల పొడవుతో సమానం, అంత తగ్గించుకోవచ్చు.

సరిచేసే పద్ధతి ఇది. లెక్కకన్నా అర మీటరు ఎక్కువ పెట్టి మొదలుపెట్టండి. బాగా చల్లబడ్డాక ట్యాప్ పూర్తిగా తిప్పి అర లీటరు నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. 10 నుంచి 12 సెకన్లైతే దిగ్విజయం. 20 దాటితే 15 సెంటీమీటర్లు కోసి మళ్లీ చూడండి. లైను పొడుగైతే నష్టం నిదానమొక్కటే, పొట్టిదైతే పానీయమే పోతుంది. కోసేటప్పుడు పదునైన బ్లేడుతో నిటారుగా కోయండి. కత్తెరతో కోస్తే కొస నలిగి, పుష్‌ఫిట్ లోపల పెదవి ఏర్పడుతుంది, అక్కడే బుడగ పుడుతుంది.

చిన్న రింగు, పెద్ద తంటా

కెగ్ మూతి దగ్గర్నుంచి బుడగల దండ వస్తోందంటే ద్రవం వైపు పోస్టు (కెగ్ మీద లైను తగిలించే మూతి) విప్పాలి. లోపలి పొడుగు గొట్టం భుజం కింద ఒక చిన్న ఓ-రింగు ఉంటుంది. అది అరిగినా, పగిలినా, పైనున్న గ్యాసు పక్కదారిన గొట్టంలోకి దూరి, పోసే ప్రతి చుక్కతో కలిసిపోతుంది. బయటికి ఏ కారడమూ కనిపించదు. సబ్బునీళ్లు రాసినా బుడగ రాదు, ఎందుకంటే కారుతున్నది కెగ్ లోపల్నుంచి లోపలికే.

రెండు లైన్లూ తీసేసి, మూత రింగు లాగి గ్యాసంతా వదలండి. ఇంకోసారి లాగి శబ్దం రాలేదని చూసుకున్నాకే పానా పెట్టండి, ప్రెషర్ ఉన్న పోస్టు విప్పితే తుపాకీ గుండులా లేస్తుంది. కొత్త కెగ్‌లలో ఎక్కువ వాటికి 22 మిల్లీమీటర్ల డీప్ సాకెట్ పడుతుంది. పోస్టు తీశాక గొట్టం పైకి లాగండి. రింగును వేళ్ల మధ్య పెట్టి సాగదీసి వెలుతురుకి పట్టుకోండి. చదునైన చోటు, సన్నటి చీలిక, గట్టిబడటం, ఈ మూడింట్లో ఏదున్నా పారేయండి. కొత్తదానికి ఆహారానికి వాడే సిలికాన్ గ్రీజు బియ్యపు గింజంత రాయండి. వాజెలిన్, కొబ్బరినూనె వద్దు. కొన్ని రబ్బర్లు వాటికి ఉబ్బుతాయి, పైగా గ్లాసులోకి జిడ్డు వస్తుంది. గొట్టంలోకి ఒక కన్నుతో చూసి, అల్లం పీచు ఏమైనా ఇరుక్కుంటే పొడుగు బ్రష్షుతో తోయండి. బిగించేటప్పుడు గ్యాసు పోస్టు, ద్రవం పోస్టు తారుమారు చేయకండి. గ్యాసు పోస్టుకు సాధారణంగా అంచు మీద చిన్న గాడి కోసి ఉంటుంది, చూసి పెట్టుకోండి.

బీచిరోడ్డు, ఎంవీపీ కాలనీ వైపు ఉన్న ఇళ్లలో ఉప్పుగాలికి మామూలు ఇనప క్లిప్పులు ఏడాది తిరక్కుండా తుప్పుపడతాయి. వదులైన క్లిప్పు దగ్గర ద్రవం చుక్క కూడా కారదు, కానీ గ్యాసు పోతుంది, సిలిండర్ రాత్రికి రాత్రి ఖాళీ అవుతుంది. 304 స్టీలు క్లిప్పులే వేసుకోండి.

ట్యాప్, గ్లాసు

ట్యాప్‌ను సగం తెరిచి జాగ్రత్తగా పోద్దామనుకుంటే నురగ రెట్టింపవుతుంది. సన్నటి సందులోంచి పోవడానికి ద్రవం వేగం పెంచుకుంటుంది, ప్రెషర్ అక్కడే పడిపోతుంది. పిడిని మొదలు దగ్గర పట్టుకుని ఒక్కసారిగా పూర్తిగా లాగండి, ఆపేటప్పుడూ ఒక్కసారిగానే మూయండి. గ్లాసు 45 డిగ్రీలు వంచి, గోడ మీద ధార పడేలా పట్టి, మూడింట రెండు వంతులు నిండాక నిటారుగా తిప్పండి. ట్యాప్ మూతి నురగలో మునగకూడదు.

రెండు రోజులు వాడని ట్యాప్ లోపల తీపి ఎండి జిగురు కడుతుంది, ఆ జిగురు మీదే గ్యాసు విడిపోతుంది. చీమలకి కూడా అదే పిలుపు. వాడిన ప్రతిసారీ మూతిలోకి గోరువెచ్చటి నీళ్లు చిమ్మి, రబ్బరు బిరడా పెట్టేయండి. కెగ్ మారినప్పుడల్లా, ఒకే కెగ్ నెల రోజులు నడిస్తే రెండు వారాలకోసారి, లైను కడగాలి. సోడియం పర్‌కార్బొనేట్ లీటరుకు ఒక చిన్న చెంచా, 50 డిగ్రీల నీళ్లలో కలిపి లైనులో నింపి, 20 నిమిషాలు ఉంచి, ఆ తర్వాత మంచినీళ్లతో వాసన పోయేదాకా తోయండి. ట్యాప్ విప్పి విడిగా నానబెట్టండి.

గ్లాసు సంగతి తేలిగ్గా తీసుకుంటారు. ఫ్రీజర్లో పెట్టి మంచు పట్టిన గ్లాసు అందంగా ఉంటుంది, ఆ మంచు పలుకు ఒక్కొక్కటీ ఒక బుడగకు పుట్టిల్లు. చల్లటి నీళ్లలో జాడించి, తడిగా ఉండగానే పోయండి. ఏళ్ల తరబడి పీచుతో తోమిన స్టీలు గ్లాసు లోపల కంటికి కనపడని గీతలుంటాయి, దాంట్లో పోస్తే పొంగు తప్పదు. గాజు గ్లాసు మీద బోరు నీళ్ల తెల్లమరకలుంటే వెనిగర్‌తో తుడవండి. గ్లాసు శుభ్రమో కాదో తేల్చుకోవాలంటే తడి గ్లాసు లోపల ఉప్పు చల్లండి. అంతటా సమంగా అంటుకుంటే శుభ్రం, అంటుకోని చోట జిడ్డుంది.

అల్లం సోడాకి ఇంకొక మెట్టు ఉంది. అల్లం పిప్పి, నిమ్మ గుజ్జు కెగ్‌లోకి పోతే ప్రతి నలకా బుడగల్ని పుట్టిస్తుంది, దానికి తోడు గొట్టంలో ఇరుక్కుంటుంది. రసాన్ని నాలుగు మడతల పల్చటి నూలుగుడ్డలో వడగట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో పేరబెట్టి, పైన తేటను మాత్రమే వంచుకోండి. అడుగున తెల్లగా దిగే పిండిని వదిలేయండి. బెల్లం వాడితే అదీ వడగట్టాలి, ఇసుక ఉంటుంది.

సిలిండర్, కరెంటు

కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీల దాకానే సిలిండర్లో ద్రవంగా ఉండగలదు. మే నెలలో బాల్కనీలో పెట్టిన సిలిండర్ ఆ గీత దాటేస్తుంది, సిలిండర్ ప్రెషర్ చూపే పెద్ద గేజి ముల్లు ఎగిసిపడుతుంది. ఫ్రీజర్లో పెడితే అదే ముల్లు సగం దాకా పడిపోతుంది. రెండూ గ్యాసు ఎంత ఉందో చెప్పవు. తూకం వేయండి, సిలిండర్ మీద చెక్కిన ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదే గ్యాసు. నింపించేటప్పుడు ఆహారానికి పనికొచ్చే గ్యాసు అని అడిగి తీసుకోండి. గాజువాక, ఆటోనగర్ వైపు వెల్డింగ్ గ్యాసు నింపేచోట్ల కూడా ఈ ప్రశ్న తప్పక వేయండి. సిలిండర్‌ను కిటికీ లేని చిన్న గదిలో పెట్టకండి. గాలికన్నా బరువైన గ్యాసు, కారితే నేల మట్టంలో నిలబడి ఊపిరి ఆడనివ్వదు.

ఇక తుపాను రోజులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక ఊరు రోజుల తరబడి చీకట్లో ఉంది. అంత కాకపోయినా ఒక పూట కరెంటు పోతే కెగ్ ఎలా ప్రవర్తిస్తుందో తెలిసి ఉండాలి. హెచ్చరిక రాగానే సిలిండర్ వాల్వు కట్టేసి, కెగ్ నుంచి గ్యాసు లైను తీసేయండి, మూత తెరవకండి. పూర్తిగా వెచ్చబడితే 2.5 వాల్యూముల కెగ్‌లో ప్రెషర్ 38 పీఎస్ఐ దాకా, 3.5 వాల్యూముల సోడాలో అంతకంటే చాలా ఎక్కువగా ఎక్కుతుంది. మంచి కెగ్ 130 పీఎస్ఐకి తయారైనది, తట్టుకుంటుంది. అయితే కొంబుచా, ఈస్టుతో పులియబెట్టిన అల్లం బీరు లాంటివి వెచ్చదనానికి మళ్లీ పులవడం మొదలుపెట్టి కొత్త గ్యాసు పుట్టిస్తాయి, వాటికి రోజుకు రెండుసార్లు మూత రింగు లాగి వదలాలి. కరెంటు వచ్చిన పూటే ట్యాప్ తిప్పవద్దు. ఒక రోజు చల్లబడనిచ్చి, గేజి తగిలించి ఊపి కొలిచి, పులిసినవాటిలో గ్యాసు ఎక్కువైతే పైన చెప్పినట్టు వదిలి, ఆ తర్వాతే గ్యాసు లైను కలపండి. మొదటి 60 మిల్లీలీటర్లు వేరే గిన్నెలోకి పట్టి పారబోయండి, అది లైనులో వేడెక్కి నిలిచిన పానీయం.